పేర్లు పడుతున్నాయి, పరిగెత్తండి

(ఒక ఫిలిం సొసైటీ నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. మైకు వెనక వరసకి వినిపిస్తోందా? సరే.

ఇవాళ నా మాట టైటిల్స్ గురించి, అంటే సినిమా మొదట్లో పడే పేర్ల గురించి. ముఖ్యంగా యాక్షన్ థ్రిల్లర్లలో పడేవాటి గురించి. మా ఊళ్లో సినిమా హాలుకి వెళ్లే దారిలో రైలు గేటు ఉండేది. సరిగ్గా ఫస్ట్ షో వేళకి ఒక గూడ్సు బండి వచ్చి మమ్మల్ని ఆపేది. గేటు ఎత్తగానే మా మావయ్య సైకిలు తొక్కడం ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంది. ముందు కడ్డీ మీద నేను, వెనక క్యారియరు మీద మా అక్క. హాలు దగ్గర టికెట్లు చింపే మనిషిని ఆయన అడిగే మొదటి మాట ఒకటే: "పేర్లు పడ్డాయా?" "పడుతున్నాయి, పరిగెత్తండి" అంటే మాకు ప్రాణం లేచొచ్చేది. "పడిపోయాయి" అంటే మావయ్య మొహం మాడిపోయేది. ఒక్కోసారి టికెట్లు జేబులో పెట్టుకుని రెండో ఆట దాకా బయటే కూర్చోబెట్టేవాడు.

విచిత్రం ఏమిటంటే, లోపల కూర్చున్నాక ఆయన ఒక్క పేరు చదివేవాడు కాదు. వేరుశనక్కాయలు వలుచుకునేవాడు. చదవని పేర్ల కోసం ఇంత ఆరాటం ఎందుకో నాకు చాలా ఏళ్లు అర్థం కాలేదు. ఏట్లో దిగేముందు కాలు పెట్టి చూస్తాం కదా, నీళ్లు ఎంత చల్లగా ఉన్నాయో, కింద ఇసకో బురదో. ఆయన చేసే పని అదేనని తర్వాత తెలిసింది. పేర్లు అయిపోయాక దిగితే ఏకంగా నడుం లోతులో పడ్డట్టు ఉంటుంది.

నా గురించి రెండు మాటలు. డిగ్రీ తప్పాక మద్రాసు వెళ్లి, టైటిల్స్ రాసే ఒక పెద్దాయన దగ్గర చేరాను. నల్ల అట్ట, తెల్ల రంగు, రకరకాల కుంచెలు. నల్ల అట్ట మీద తెల్లగా పేరు రాస్తే దాన్ని స్టాండు కింద పెట్టి కెమెరాతో తీసేవారు. ఆ తర్వాత ల్యాబులో సినిమా బొమ్మ మీద ఆ పేరుని ఎక్కించేవారు. సూపర్ ఇంపోజ్ చేయడం అంటే అదే. ఒక పేరు తెర మీద మూడు సెకన్లు నిలవాలంటే 72 ఫ్రేములు, అంటే నాలుగున్నర అడుగుల ఫిల్ము. ఎవరికి ఎన్ని అడుగులు అన్న లెక్క గురువుగారిది. "ఆ పేరుగలాయన రెండుసార్లు చదువుకోవాలి, వాళ్లావిడ ఒక్కసారి చదవాలి, అంత చాలు" అనేవారు. (నవ్వులు)

నవ్వుతున్నారు గానీ, నా మాటంతా ఆ లెక్కలోనే ఉంది. యాక్షన్ థ్రిల్లర్ అనగానే టైటిల్స్‌లో తుపాకీ బొమ్మ పెడితే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. తుపాకీ కామెడీ సినిమా టైటిల్స్‌లోనూ ఉంటుంది. సినిమా ఏ రకమో చెప్పేది బొమ్మ కాదు, అక్షరం. అది ఎలా వచ్చింది, ఎంతసేపు నిలబడింది, ఎలా పోయింది. పెళ్లికి వచ్చేవాడి నడక వేరు, పంచాయితీకి వచ్చేవాడి నడక వేరు. వీధి చివర ఉండగానే మనకి తెలిసిపోతుంది.

ఇంకో సంగతి. యాక్షన్ అంటే చూపించడం. థ్రిల్లర్ అంటే దాచడం. రెండూ ఒకదానికొకటి పడనివి. ఆ రెండిటినీ ఒకే జాడీలో కలపాలి కాబట్టి ఎంత చూపిస్తాను, ఎంత దాస్తాను అన్న పాళ్లు ముందే రుచి చూపించాలి. ఆవకాయలో కారమెంత, ఆవపిండెంత అన్నట్టు. మిగతా రకాల సినిమాలకి ఈ బాధ లేదు. ప్రేమకథకి ఓ మంచి పాట వేసి పూలు చూపిస్తే అయిపోయె.

అమెరికాలో కూడా ఒకప్పుడు పేర్లని పట్టించుకునేవారు కాదు. ముందున్న గుడ్డ తెర తీయకుండానే దాని మీద పేర్లు వేసేసేవారు ఆపరేటర్లు. 1955లో ఆటో ప్రెమింజర్ అనే దర్శకుడి సినిమా 'ది మ్యాన్ విత్ ది గోల్డెన్ ఆర్మ్' వచ్చింది. దాని రీళ్ల డబ్బాలతో పాటు ఆపరేటర్లకి ఒక చీటీ వెళ్లింది: పేర్లు మొదలవకముందే తెర తీయండి అని. ఆ పేర్లకి బొమ్మలు కట్టినాయన సాల్ బాస్. న్యూయార్క్ మనిషి, ప్రకటనలు, పోస్టర్లు వేసేవాడు. టైటిల్స్ రాసేవాళ్లందరికీ ఆయన త్యాగరాజు లాంటివాడు.

ఇక అసలు కథ. 1958, 59, 60. ఈ మూడేళ్లలో ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ వరసగా మూడు సినిమాలు తీశాడు. వెర్టిగో, నార్త్ బై నార్త్‌వెస్ట్, సైకో. మూడిటికీ దర్శకుడు ఆయనే, టైటిల్స్ సాల్ బాస్, సంగీతం బెర్నార్డ్ హెర్మన్. మనుషులు మారలేదు. సినిమా రకం ఒక్కటే మారింది. మా పనివాళ్లకి ఇంతకన్నా మంచి పాఠం దొరకదు. వంటవాడు, పొయ్యి, గిన్నె అవే, కూర వేరు.

వెర్టిగోలో ఒక ఆడమనిషి మొహం. పెదవులు, తర్వాత కళ్లు. కెమెరా ఒక కంట్లోకి వెళుతుంది. ఆ కంట్లోంచి సినిమా పేరు పైకి వస్తుంది, ఆ వెనక సుడులు తిరుగుతాయి. ఆ సుడుల కోసం జాన్ విట్నీ అనే ఆయన, యుద్ధంలో విమానాలు కూల్చే తుపాకులకి గురి లెక్కగట్టే యంత్రాన్ని మార్చి వాడుకున్నాడు. అంత పనిచేసి ఆయన తీసింది ఎంత నెమ్మదిగా ఉంటుందో! పేర్లకి తొందర లేదు. సుడి ఒకటి పోయి ఇంకోటి వస్తుంది. ఎక్కడికీ చేరదు. అది లోపలికి లాగే సినిమా అని, ఇక్కడ ఎవడూ పరిగెత్తడని పేర్లలోనే తెలిసిపోతుంది.

ఏడాది తర్వాత నార్త్ బై నార్త్‌వెస్ట్. తెర అంతా ఆకుపచ్చ. ఎక్కడినుంచో గీతలు వస్తాయి, నిలువుగా కొన్ని, ఏటవాలుగా కొన్ని, ఒకదాన్నొకటి కోసుకుంటూ. గళ్లు ఏర్పడతాయి. ఆ గళ్ల మధ్యలో పేర్లు లిఫ్టులా జారుతూ వచ్చి టక్కున ఆగుతాయి. మళ్లీ జారిపోతాయి. మనం అది లెక్కల నోటుబుక్కులో గళ్లేమో అనుకుంటుండగా, ఆ గళ్లు ఒక పెద్ద అద్దాల మేడ అయిపోతాయి. అద్దాల్లో కింద రోడ్డు మీద పోయే కార్లు తలకిందుల ప్రపంచంలా మెరుస్తుంటాయి. తర్వాత ఆఫీసులు వదిలే వేళ, జనం, మెట్లు, ఒకళ్లనొకళ్లు తోసుకోవడం.

ఇక్కడ తుపాకీ ఉందా? లేదు. శవం? లేదు. కానీ చూసినవాడికి మూడు సంగతులు ఒంటికి పట్టేశాయి. ఒకటి, ఈ సినిమా పరుగు. రెండు, ఈ పరుగుకి గీసిపెట్టిన దారులున్నాయి, ఎవరో పైనుంచి గీస్తున్నారు. మూడోది నాకు ఇష్టమైనది: ఒకటి అనుకున్నది ఇంకోటి అవుతుంది. గళ్లు అనుకుంటే మేడ. కథేమిటి? ఒక ప్రకటనల కంపెనీ ఆయన్ని, లేని గూఢచారి ఒకడు అనుకుని వెంటపడతారు. మనిషి ఒకడనుకుంటే ఇంకొకడు. కథంతా ఆ గీతల్లో చెప్పేశాడు, చెప్పినట్టు మనకి తెలియనివ్వలేదు. చూపించాడు, దాచాడు. హెర్మన్ సంగీతం కూడా గమనించండి. స్పెయిన్ వాళ్ల నాట్యం ఫండాంగో ఉంది కదా, ఆ దరువు. భయపెట్టే సంగీతం కాదు, కాలు ఆడించే సంగీతం. ప్రమాదం ఉంటుంది గానీ సరదాగా ఉంటుంది, మీ మనిషి చావడు అని అభయం ఇస్తోంది. యాక్షన్ థ్రిల్లర్‌కీ, ఒట్టి థ్రిల్లర్‌కీ తేడా ఆ అభయంలోనే ఉందని నా లెక్క.

ఆ అభయం తీసేస్తే ఏమవుతుందో మరుసటి ఏడు సైకోలో చూపించారు. మళ్లీ గీతలే! కానీ ఇక్కడ పట్టీలు కత్తుల్లా అడ్డంగా దూసుకొస్తాయి, తర్వాత నిలువుగా. పేర్లు ముక్కలై వస్తాయి, ఒక్క క్షణం అతుక్కుని మనిషి పేరులా కనిపించి మళ్లీ చీలిపోతాయి. సంగీతంలో తీగ వాయిద్యాలు తప్ప ఇంకేం లేవు. గీతలు మేడ కట్టలేదు, ఏమీ కట్టలేదు. పేర్లు అవగానే ఊరి పేరు, తేదీ, మధ్యాహ్నం 2 గంటల 43 నిమిషాలు అని టైము పడుతుంది. ఇప్పుడు ప్రతి స్పై సినిమాలో మూలన టిక్కుటిక్కుమంటూ ఊరు, టైము పడతాయే, దానికి పెద్దన్న లాంటిది. ఎందుకు పడుతుందో అడిగితే ఇప్పటి దర్శకుల్లో సగం మంది చెప్పలేరు. "ఉంటే బావుంటుంది సార్" అంటారు.

సరే, మీరంతా ఎదురుచూస్తున్నాయనకి వద్దాం. జేమ్స్ బాండ్.

1962, డాక్టర్ నో. మారిస్ బైండర్ అనే ఆయన చేశాడు. తెల్ల చుక్కలు ఎడమనుంచి కుడికి వెళతాయి. చివరి చుక్క పెద్దదై, లోపల సుడులున్న గొట్టం అవుతుంది. ఆ సుడులు తుపాకీ గొట్టం లోపలివే. నిజం తుపాకీ గొట్టంలోంచే సన్న చిల్లు కెమెరాతో తీశారు. అందులో ఒకాయన నడుచుకుంటూ వస్తాడు. గిర్రున తిరిగి మనవైపు కాలుస్తాడు. పైనుంచి ఎర్రగా నెత్తురు దిగుతుంది. గొట్టం తూలుతుంది. మొదట్లో ఆ నడిచినాయన బాండ్ వేషం వేసిన షాన్ కానరీ కూడా కాదు, బాబ్ సిమన్స్ అనే స్టంట్ మనిషి. కానరీ నడక 1965లో థండర్‌బాల్‌కి గానీ రాలేదు. తేడా తెలిసినవాడెవడు?

నేను మిమ్మల్ని అడుగుతాను. ఆ తుపాకీ ఎవరిది? (సభలోంచి: "బాండ్‌ది!") కాదండీ. బాండ్ గొట్టానికి అవతల ఉన్నాడు. తుపాకీ అతణ్ణి చంపాలని గురిపెట్టినవాడిది. మనం ఎక్కడున్నాం? ఆ తుపాకీ లోపల, హంతకుడి కన్ను దగ్గర. అంటే చచ్చింది మనం. టికెట్టు కొనుక్కుని వచ్చి కూర్చున్న అరనిమిషంలో మనల్ని కాల్చి చంపేశారు, మనం చప్పట్లు కొట్టాం. (నవ్వులు) పదిహేను సెకన్లలో ఇంత చెప్పిన కవి ఇంకొకడు లేడు. ఈ మనిషిని ఎప్పుడూ ఎవరో చూస్తుంటారు. చూస్తున్నట్టు అతనికి తెలియదనుకుంటారు. అతనికి తెలుసు. మిగతా రెండు గంటలూ ఇదేగా! హంతకుడి మొహం మటుకు చూపించడు. ఆవపిండి అక్కడ వేశాడు.

దాని తర్వాత వచ్చే ఆడవాళ్ల నీడలు, పాట, అవి నాకంత గొప్పగా అనిపించవు. బైండర్ 14 బాండ్ సినిమాలకి చేశాడు, ఒక దశ దాటాక క్యాలెండరు బొమ్మల్లా అయిపోయాయి. 2006లో కసీనో రాయల్‌కి డేనియల్ క్లైన్‌మన్ ఆ నీడల్ని ఎత్తేసి పేకముక్కలు పెట్టాడు. ఇస్పేటు, ఆటీను గుర్తులు తూటాల్లా ఎగురుతాయి, మనుషులు పేకముక్కల్లా చిరిగిపోతారు. తుపాకీ గొట్టాన్ని కథలోకే తెచ్చాడు, బాండ్ తొలి హత్యల్లో ఒకదాన్లోకి. ఆ ముచ్చట ఎందుకు వచ్చిందో నలభై నాలుగేళ్ల తర్వాత చెప్పినట్టయింది.

ఇప్పుడు అగ్గిపుల్ల. 1966లో అమెరికా టీవీలో మొదలైన మిషన్ ఇంపాసిబుల్. ఒక చెయ్యి అగ్గిపుల్ల గీస్తుంది, వత్తి అంటుకుంటుంది, నిప్పు తెర మీద ఒక పక్కనుంచి ఇంకో పక్కకి పరుగు. దాని వెనక ఆ వారం కథలో రాబోయే సన్నివేశాలు కన్ను మూసి తెరిచేలోగా ఒకదాని మీద ఒకటి. 1996లో బ్రయన్ డి పాల్మా సినిమాగా తీసినప్పుడూ ఆ పద్ధతి వదల్లేదు. ఆలోచించండి, మొత్తం కథ ముందే చూపించేస్తున్నాడు! ఎవరు చస్తారో, ఏది పేలుతుందో. కానీ వేగంగా చూపిస్తే దాచినట్టే. దీపావళి మతాబులో ఎన్ని రవ్వలు ఎగిరాయో ఎవడు లెక్కపెట్టగలడు? చీకట్లో దాచడం అందరికీ వచ్చు. వెలుగులో దాచడం ఈ అగ్గిపుల్ల పని.

సంగీతం లాలో షిఫ్రిన్, అర్జెంటీనా నుంచి వచ్చినాయన. అయిదు దెబ్బల తాళం. మన వాళ్లకి ఖండ గతి కొత్త కాదు కాబట్టి మనకి తలలు ఊగుతాయి గానీ, నాలుగుకి అలవాటుపడ్డ చెవికి ఆ అయిదో దెబ్బ కాలు జారినట్టు ఉంటుంది. రెండు పొడుగు, రెండు పొట్టి. టెలిగ్రాఫ్ భాషలో రెండు గీతలు ఎం, రెండు చుక్కలు ఐ. మిషన్, ఇంపాసిబుల్. మా రోజుల్లో పోస్టాఫీసులో తంతి కొట్టే గుమాస్తా ఎవరైనా ఆ టీవీ చూసుంటే నవ్వుకునేవాడేమో.

ఆ షిఫ్రినే 1968లో బుల్లిట్‌కీ వాయించాడు. ఆ సినిమా పేరు చెప్పగానే అందరూ శాన్ ఫ్రాన్సిస్కో గుట్టల మీద కార్ల ఛేజింగు అంటారు. నేను మాత్రం మొదటి మూడు నిమిషాల మనిషిని. పేర్లు చేసింది పాబ్లో ఫెర్రో, క్యూబాలో పుట్టినవాడు. రాత్రి, షికాగో, ఒక ఆఫీసు, కొందరు మనుషులు. ఏం జరుగుతోందో అర్థం కాదు. పేరు వచ్చి నిలబడుతుంది. తర్వాత పక్కకి జారుతుంది. జారిపోతూ అక్షరాల ఆకారంలో కన్నాలు వదిలిపెడుతుంది. ఆ కన్నాల్లోంచి తర్వాతి షాటు కనిపిస్తుంది. కన్నం పెరిగి పెరిగి తెరంతా అదే అవుతుంది. గోడకి కన్నం వేసి దొంగ లోపలికి దూరినట్టు, మనం హీరో స్టీవ్ మెక్వీన్ పేరులోంచి దూరి అవతలి గదిలోకి వెళతాం. డిటెక్టివ్ చేసే పని అంతకన్నా ఏముంది? అసలు కారు ఛేజింగు చూపించకుండానే ఇది వెతుకులాట సినిమా అని చెప్పేశాడు.

డర్టీ హ్యారీ ఒక్క మాట. 1971. అది పేర్లతోనే మొదలవుతుంది, కానీ నటుల పేర్లు కాదు. శాన్ ఫ్రాన్సిస్కోలో విధి నిర్వహణలో చనిపోయిన పోలీసుల పేర్లున్న శిలాఫలకం. ఆ వెంటనే మన మొహం మీదకి రైఫిల్ గొట్టం. ఇంక చెప్పేదేముంది.

పేర్లే అబద్ధం ఆడిన సినిమా కూడా ఉంది. 1964లో ఇటలీ వాళ్లు తీసిన కౌబాయ్ సినిమా, ఎ ఫిస్ట్‌ఫుల్ ఆఫ్ డాలర్స్. ఎరుపు మీద నల్ల నీడలుగా గుర్రాలు, తుపాకీ పేలుళ్లు, ఈల. బొమ్మ వేసింది లార్దాని అనే ఆయన. దర్శకుడు సెర్జియో లియోనే. తెర మీద పేరు బాబ్ రాబర్ట్‌సన్! సంగీతం ఎన్నియో మొరికోనే. తెర మీద డాన్ సావియో. ఇటలీ పేర్లు చూస్తే కౌబాయ్ సినిమా అని జనం నమ్మరని చాలామందికి అమెరికా పేర్లు తగిలించారు. లియోనే వాళ్ల నాన్న కూడా దర్శకుడే, రాబర్తో రాబర్తి అన్న పేరుతో తీసేవాడు. అందుకని కొడుకు రాబర్ట్‌సన్ అయ్యాడు, రాబర్తి గారబ్బాయి. దొంగ పేరులో నాన్న పేరు పెట్టుకున్నాడన్నమాట. పేరు చదివే సినిమా రకం నమ్ముతాం అనడానికి ఇంతకన్నా రుజువేం కావాలి? ఆ గుర్రాల దుమ్ము మన దాకా వచ్చింది. 1971లో కృష్ణ గారి మోసగాళ్లకు మోసగాడు వచ్చింది కదా. అంతకుముందు 1966లో గూఢచారి 116తో ఆయన మనకి బాండ్ కూడా అయ్యారు. ఆంధ్రా జేమ్స్ బాండ్ అనేవారు.

షోలే గురించి చెప్పకుండా పోతే మావయ్య ఊరుకోడు. 1975. రైలు ఆగుతుంది, ఖాకీ బట్టల జైలరు దిగుతాడు. తీసుకెళ్లడానికి ఒకడు రెండు గుర్రాలతో వచ్చాడు. ఇద్దరూ బండరాళ్ల మధ్య, పొలాల మధ్య, ఊళ్లోంచి వెళుతుంటే పేర్లు పడతాయి. ఆర్.డి. బర్మన్ సంగీతం. ఎవడూ ఎవణ్ణీ కొట్టడు. గుర్రాలు కూడా మామూలు నడకే. కానీ పేర్లు అయ్యేసరికి ఆ నేల మనకి తెలిసిపోయింది. ఏ రాయి వెనక మనిషి దాక్కోవచ్చో తెలుసు. రేపు కొట్లాట జరిగే చోటు ముందే తిప్పి చూపించాడు, పెళ్లివారికి విడిదిల్లు చూపించినట్టు. దాచిందేమిటి? జైలర్ని ఎందుకు పిలిచారన్నది. పెద్ద సినిమాకి పెద్ద ఊపిరి కావాలని ఆ నిదానమే చెబుతుంది.

ఇక మన అక్షరాల సంగతి. ఇది నా సొంత గోడు.

సాల్ బాస్‌కి ఒక సుఖం ఉంది. ఇంగ్లీషు పెద్ద అక్షరాలు చాలామటుకు గీతలే. ఎన్, టి, ఐ, ఎల్. గీతని గీతతో కోయొచ్చు. మనవి? గుండ్రం. జిలేబీ చుట్టలు అని పక్క రాష్ట్రం వాళ్లు వేళాకోళం చేస్తారు. జిలేబీతో ఎవణ్ణి భయపెడతాం? మద్రాసులో మొదటి ఆర్నెల్లు నాకు ఇదే బాధ. గురువుగారు ఒకరోజు నా అట్ట తీసుకుని, 'క' మీద తలకట్టుని కొంచెం సాగదీసి, చివర సన్నగా చేశారు. కత్తి! నవ్వి, క్రావడిని చూడమన్నారు. అక్షరం కిందనుంచి చెయ్యి చాపి కాలు పట్టుకుంటున్నట్టు లేదూ? 'హత్య' రాసి యావత్తు తోక కొడవలిలా తిప్పారు. ఇంక సున్నా. ఇంగ్లీషుకి ఇంత మంచి వసతి లేదు. గుండ్రటి సున్నా పక్కన నిలబడి ఉంటుంది, మధ్యలో రెండు సన్న గీతలు అడ్డంగా నిలువుగా గీస్తే గురి చూసే అద్దం. నల్లగా నింపి చుట్టూ బీటలు వేస్తే తూటా కన్నం. మన టైటిల్స్ ఆర్టిస్టులు సున్నాతో చేసినన్ని హత్యలు మన విలన్లు కూడా చేయలేదు. (నవ్వులు)

ఇంత ఉండి కూడా మన సినిమాల్లో టైటిల్స్ చూసి సినిమా రకం చెప్పడం కష్టం. చెప్పేదల్లా ఎవరి సినిమా అన్నది. 1988లో మరణమృదంగం. యండమూరి నవల, పేరులోనే చావు మోగుతోంది. ఆ సినిమా టైటిల్స్‌లో జనం మొదటిసారి చూసిన మాట ఏమిటో తెలుసా? మెగాస్టార్. 1992లో రజనీకాంత్ అణ్ణామలై. చుక్కలు చుక్కలుగా వచ్చి సూపర్ స్టార్ అనే అక్షరాలు కడతాయి, దేవా సంగీతం. ఆ కార్డు పెట్టించిన దర్శకుడు సురేష్ కృష్ణకి ఆలోచన ఎక్కడిదంటే, బాండ్ సినిమా మొదట్లో వచ్చే గొట్టం నుంచి! ఎంత దూరం వచ్చిందో చూడండి. అక్కడ చుక్క తుపాకీ అయింది. ఇక్కడ చుక్క హీరో పేరు అయింది. రెండు చోట్లా జనం ఈలలే. కాకపోతే ఇక్కడ దాచిందేమీ లేదు. అంతా కారమే, ఆవపిండి లేదు.

నాకే జరిగింది ఒకటి చెబుతాను, పేర్లు అడగకండి. ఒక గూఢచారి సినిమా. టెలిప్రింటరులో వార్త వస్తున్నట్టు టకటకా పేర్లు పడాలి, ఒక్కోటి సెకనున్నర. ఆ వార్తల మధ్య ఒక పంక్తిలో, అర సెకను, మొదటి హత్య జరగబోయే గది నంబరు పెట్టాం. చూసినవాడు చూస్తాడు. నెల రోజులు కష్టపడ్డాం. ఆఖర్లో హీరోగారి తరఫు మనుషులు వచ్చి బిరుదుతో సహా ఆయన కార్డు ఆరు సెకన్లు ఉండాలన్నారు, తారాజువ్వలతో. దర్శకుడు గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. టెలిప్రింటరు ఆగింది, తారాజువ్వలు ఎగిరాయి, మళ్లీ టెలిప్రింటరు మొదలైంది. మొదటి రోజు మొదటి ఆటకి వెళ్లాను. ఆ కార్డు పడగానే కాగితాలు చించి ఎగరేశారు, జనం కుర్చీలెక్కి నిలబడ్డారు. గది నంబరు ఆ కాగితాల వెనక ఎప్పుడో వెళ్లిపోయింది. కోపం వచ్చిందా అంటే, వచ్చింది. కానీ అబద్ధం ఎందుకు, నేనూ ఈల వేశాను.

ఇప్పుడు చాలా సినిమాలు పేర్లని చివరికి తోసేశాయి. ఇదీ కొత్తేం కాదు. 1980లో జార్జ్ లూకాస్ తన రెండో స్టార్ వార్స్ సినిమాకి దర్శకుడి పేరు చివర వేస్తే అక్కడి దర్శకుల సంఘం జరిమానా వేసింది. ఆయన కట్టేసి, సంఘంలోంచి లేచిపోయాడు. 2008లో క్రిస్టోఫర్ నోలన్ తీసిన ది డార్క్ నైట్ మొదట్లో పేర్లే లేవు. నీలం మంటల్లోంచి గబ్బిలం గుర్తు, వెంటనే బ్యాంకు దోపిడీ. బాగుంది, ఒప్పుకుంటాను. దోపిడీయే టైటిల్స్ పని చేసింది. ఒక్కో దొంగ ఇంకో దొంగని చంపుతూ పోతాడు, జోకర్ మొహం చివరి దాకా దాచాడు. కానీ అందరూ నోలన్లు కారు కదా. మిగతావాళ్లు పేర్లు తీసేసి ఆ చోట డ్రోను షాటు పెడతారు.

మనకి ఇక్కడ ఇంకో తమాషా ఉంది. ముందు సెన్సారు సర్టిఫికెట్టు, తర్వాత పొగాకు మానమనే ప్రకటన, ఒకప్పుడైతే ఈ నగరానికి ఏమైంది, (నవ్వులు) తర్వాత ఒక పెద్ద కృతజ్ఞతల జాబితా, ఎవరెవరో దాతలు, థియేటర్లవాళ్లు, నియోజకవర్గం ఎమ్మెల్యే గారు. థ్రిల్లర్‌కి వచ్చినవాడు అప్పటికే పెళ్లిపత్రిక చదివినట్టు అయిపోతాడు. ఇంట్లో చూసేవాళ్లకి స్కిప్ ఇంట్రో అని బొత్తాం. మా మనవరాలు అది నొక్కుతుంటే నేను చెయ్యి పట్టుకుంటాను. "తాతయ్యా, ఇందులో స్టోరీ లేదు" అంటుంది. రెండు సీజన్ల తర్వాత, "తాతయ్యా, ఆ మొదట్లో పడే తాళంచెవి వాడిదే కదూ?" అని తనే అడిగింది. వెనక్కి తిప్పి చూసింది. నేనేం అనలేదు.

చాలా మాట్లాడాను. ఆ లైట్లు ఆపేయండి, నార్త్ బై నార్త్‌వెస్ట్ మొదటి రెండు నిమిషాలు వేస్తాను. ఆకుపచ్చ రంగు రాగానే మాట్లాడకండి. గీతలు ఎప్పుడు మేడ అయ్యాయో పట్టుకోండి, నేను ఇప్పటికి ఎన్నిసార్లు చూశానో, ఇంకా పట్టుకోలేకపోతున్నాను. చివర్లో ఒక లావుపాటాయన బస్సు కోసం పరుగున వస్తాడు, మొహం మీదే తలుపు పడిపోతుంది. హిచ్‌కాకే ఆయన.

గుమ్మం దగ్గర ఎవరో నిలబడ్డారు. రండమ్మా, రండి, అక్కడ మూడో వరసలో ఖాళీ ఉంది. ఇంకా పడలేదు.